కృత్తిక నాటి పస్తు

ముందు గొంతు వినిపించింది. ఆడగొంతే; కాని అందులో ఊపిరి లేదు. “మూచ్చు ఇళుంగ,” అన్నది. ఆగింది. “పిడింగ,” అన్నది. ఆగిన ఆ సందులో ఏదో పెద్ద చక్రం గిర్రున తిరిగింది, గోడలో సన్నగా వణికింది, నెమ్మదించింది. “విడుంగ.”

మూసిన తలుపు వెనుక, ఊపిరి పీల్చమనీ బిగబట్టమనీ వదలమనీ తమిళంలో చెబుతున్నది స్కాన్ యంత్రం. తలుపుకు ఇవతల, మామగారి చెప్పులు ఒక చేతా తువ్వాలు ఒక చేతా పట్టుకుని నిలుచున్న ధరణి తనకు తెలియకుండానే ఆ ఆజ్ఞలు పాటించింది. పీల్చమంటే పీల్చింది. పట్టమంటే పట్టింది. వదలమన్నప్పుడు వదలడానికి మాత్రం కొంచెం ఆలస్యమైంది.

లోపల పడుకున్నది కోదండరామ, ఆమె మామ. ఊత్తుకోట పక్క పల్లెలో చెరకూ వేరుశనగా పండించే మనిషి. అరవై దాటినా మడికి నీళ్లు కట్టడానికి మరొకరిని పిలవని మనిషి. కొన్ని నెలలుగా కడుపులో కుడిపక్క నొప్పి తిష్ఠ వేసింది. గడ్డ ఏదైనా ఉందేమో చూడాలనీ, నరంలోకి రంగుమందు ఎక్కించి స్కాన్ తీయాలనీ తిరువళ్లూరు డాక్టరు రాసి ఇచ్చాడు. అందుకని భార్య గోవిందమ్మతో కలిసి మణవాళనగర్‌లోని కొడుకు ఇంటికి వచ్చాడు. కొడుకు సతీష్‌కు కంపెనీలో షిఫ్టు. గోవిందమ్మకు మోకాళ్లు అరిగి మెట్టు దిగడమే గగనం. వెంట వచ్చింది కోడలు.

వచ్చింది, కాని ఆ ఇంట్లో మామకూ కోడలికీ నడుమ మాట లేదు. కోపతాపాలేమీ కావు, అది ఆ ఇంటి మర్యాద. “ఆ పాపను అన్నం పెట్టమను,” అని ఆయన గోవిందమ్మతో అంటాడు. “మామకు ఇంకొంచెం చారు కావాలేమో అడగండత్తా,” అని ధరణి కూడా గోవిందమ్మతోనే అంటుంది. ముగ్గురూ ఒకే గదిలో ఉన్నా సరే, మాట గోవిందమ్మ గడప తొక్కి గాని అవతలికి పోదు. కోదండరామ తల్లీ తాతా కూడా ఒకే వసారాలో అలాగే బతికారట.

ఆ మర్యాదే ఆ ఉదయం ఒక పొరపాటు చేయించింది. స్కానుకు ముందు రంజని అనే అమ్మాయి, మెడలో గుర్తింపుకార్డు ఊగుతుండగా, ఇద్దరి మధ్యా నిలబడి ప్రశ్నలు అడిగింది.

“తాతకు షుగర్ ఉందా? కిడ్నీ తొందర, జబ్బు, ఏమైనా? వలి మాత్రలు, నొప్పికి వేసుకునేవి, ఎడుక్కుంటా ఉన్నారా? పొద్దున నీళ్లు తాగినారు గదా? తిండే వద్దన్నాం, నీళ్లు తాగొచ్చు.”

కోదండరామ గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు. జవాబు ధరణే చెప్పింది. “మాత్రలేమీ లేవు. నీళ్లు తాగినారు.” నిజమే చెబుతున్నాననుకుంది. పొద్దున అత్తచేత పంపిన చెంబు ఖాళీగా తిరిగి వచ్చింది మరి. అది నిజం కాదని ఎరిగినవాడు పక్కనే ఉన్నాడు. కాని కాదని చెప్పాలంటే, పరాయి పిల్ల ఎదుట, కోడలి ముఖం చూసి, కోడలి మాటకు అడ్డు చెప్పాలి. ఆయన క్యాలెండరు వైపే చూస్తూ ఉండిపోయాడు.

చక్రం ఆగింది. తలుపు తెరుచుకుంది. మోచేతి మడతలో దూది అంటించుకుని బయటికి వచ్చిన కోదండరామ, ఎవరూ చూడకుండా పంచె అంచు తడిమి చూసుకున్నాడు.

“తడవలేదులే తాతా,” అని రంజని నవ్వింది. “ఆ మందు పోతానే కిందంతా వేడిగా పారినట్టు ఉంటాది. అందరికీ అంతే.” తరువాత ధరణిని పక్కకు పిలిచింది. నవ్వు తీసేసి మాట్లాడింది. “అక్కా, రక్తం రిపోర్టులో క్రియాటినిన్ కొంచెం ఎక్కువుంది. నీళ్లు తాగినారన్నారు గాబట్టి డాక్టరు మందు తగ్గించి తీయమన్నారు. ఆ మందంతా కిడ్నీలోనించే బయటికి పోవాల. ఇయ్యాలా రేపూ నల్లా తణ్ణి, బాగా నీళ్లు, తాగించండి. ఒంటికి బాగా పోతా ఉన్నారా, చూసుకోండి.”

ధరణి చెవులు వేడెక్కాయి. అన్నం తిన్నారా అని అడగలేని మనిషిని ఆ మాట ఏమని అడగడం?

ఇంటికి రాగానే అత్తకు చెప్పింది. అత్త మామకు చెప్పింది. మామ “ఊ” అన్నాడు. సాయంత్రం దాకా చెంబులు నిండుగా వెళ్లాయి, ఖాళీగా వచ్చాయి. ధరణి గుండె కుదుటపడింది.

మరునాడు ఆడికృత్తిక, ఆడినెలలో వచ్చే మురుగన్ పండుగ. తిరుత్తణి కొండకు కావడి మోస్తానని మొక్కుకున్నాననీ, తీర్చకుండా ఊరికి పోననీ కోదండరామ పట్టుబట్టాడు. పసుపు పంచె కట్టాడు. నెమలి ఈకలు చెక్కిన చిన్న కావడి భుజానికెత్తాడు. నిన్న నీళ్లు తాగమన్న రంజని మాట, రేపు దాకా అన్న మాట, ధరణి చెవిలోనే ఉంది. ఒంటరిగా పంపడానికి మనసొప్పక ఆమె కూడా బయలుదేరింది. తిరువళ్లూరు స్టేషనులో ప్లాట్‌ఫారం అంతా పసుపు. బండి అంతా పసుపు. ప్రతి పెట్టెలోంచీ “వేల్ వేల్” అన్న కేక, దానికి “వెట్రివేల్” అన్న జవాబు.

ఎవరో లేచి చోటిస్తే కోదండరామ కూర్చున్నాడు. ధరణి ఎదురుగా కడ్డీ పట్టుకుని నిలబడింది. నిలబడినందువల్ల, మొదటిసారి, ఆయన ముఖం నిదానంగా చూడగలిగింది. చూసి బెదిరింది. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. పెదవులు ఎండి, తెల్లటి పొలుసులు లేచాయి. అందరూ కేక వేసినప్పుడు ఆయనా నోరు తెరిచాడు గాని, నాలుక అంగిలికి అతుక్కుని మాట బయటికి రాలేదు. ఆమె సంచిలోంచి నీళ్ల బాటిల్ తీసి, చేతికివ్వకుండా, ఆయన పక్కన బల్లమీద పెట్టింది. ఆయన దాన్ని చూశాడు. పొయ్యిమీద కాలిన పెనం వైపు చూసినట్టు చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు. అరక్కోణం దాటింది. బాటిల్ మూత బిగువు సడలలేదు.

తిరుత్తణిలో దిగీ దిగగానే ఆయన ఒక స్తంభాన్ని పట్టుకుని వంగాడు. డోకు వచ్చింది. కడుపులోంచి ఏమీ రాలేదు.

ధరణి గుంపులోంచి పక్కకు జరిగి అత్తకు ఫోను చేసింది. “అత్తా, నిజం చెప్పండి. మామ నిన్న నీళ్లు తాగినారా?”

“తాగకేం? చెంబు చెంబూ నేనే ఇస్తి గదమ్మే.”

“తాగతా ఉంటే చూసినారా?”

అవతల కాళ్లీడుస్తూ నడిచిన చప్పుడు, వెనుక తలుపు గడియ చప్పుడు. ఆ తరువాత గోవిందమ్మ గొంతు వేరుగా వచ్చింది. “ఏమ్మే, నీ కరేపాకు తొట్టి మునిగిపోయి ఉండాదే. మట్టంతా బురద. వానేమైనా పడిందా రాత్రి?”

వాన పడలేదు.

“అయ్యో, అయ్యో. ‘స్కానుకు వెరుం వయిరుతో, ఉత్త కడుపుతో, రమ్మన్నారు గదా, ఎట్లానూ పస్తే, ఆ పస్తు సామికీ చెల్లతాదిలే’ అన్నాడే! తిండి మానుకున్నాడనుకుంటి. నీళ్లు గూడా అని నాకేం తెలుసే? అడిగితే ‘ఊ, ఊ’ అన్నాడే, దొంగ మనిషి!”

పస్తు అలవాటైన ఇల్లు అది. శనివారం ఒకరికి, షష్ఠికి ఒకరికి, కృత్తికకు ఇంటిల్లిపాదికీ. ఆకలిని అదుపులో పెట్టడంలో ఆరితేరిన ఆ మనిషికి, పరగడుపున రమ్మన్న స్కాన్ సెంటరు మాట కొత్తగా తోచలేదు. ఒక పస్తు ఎలాగూ తప్పదు. దానికి కాస్త ముందూ కాస్త వెనుకా అతికిస్తే కృత్తిక పస్తు కూడా దానిలోనే ముగిసిపోతుంది. సేద్యగాడు ఒక తడితో రెండు మళ్లు పారించినట్టు, ఒక ఎండుగొంతుతో డాక్టరునూ దేవుణ్ణీ తృప్తి పరచబోయాడు. మధ్యలో నరంలోకి ఎక్కిన మందు ఒకటి ఉన్నదనీ, అది నీటి కోసం లోపల కాచుకుని కూర్చున్నదనీ ఆయన లెక్కలోకి రాలేదు.

కొండ కింద వైద్య శిబిరం వేశారు. రేకుల పందిరి, నాలుగు మంచాలు, ఒక ఫ్యాను. ధరణి ఆయనను చేయి పట్టి నడిపించలేదు. ముందు నడిచి, కావడి కొస తాను పట్టుకుంది. రెండో కొస వెంట ఆయన నడిచి వచ్చాడు.

అక్కడి డాక్టరు విమల్, ఇంకా మీసం సరిగ్గా రాని కుర్రవాడిలా ఉన్నాడు. నాడి పట్టాడు. చర్మం చిటికెతో లాగి వదిలాడు. లాగిన మడత లాగినట్టే నిలిచింది. నిన్న స్కాన్ అయిందని ధరణి చెప్పగానే అతడి చేయి ఆగింది.

“కాంట్రాస్ట్ వేసినారా?”

“రంగుమందు ఎక్కించినారు.”

“కడైసియా, చివరిగా, యూరిన్ ఎప్పుడు పోయినారు?”

ధరణి అలవాటుగా పక్కకు చూసింది. పక్కన గోవిందమ్మ లేదు. పందిరి గుంజ ఉంది. గుంజకు ఆనుకుని మందుల పెట్టె ఉంది. మంచం మీద మామ ఉన్నాడు. మధ్యలో ఎవరూ లేరు.

“మామా,” అన్నది. ఆ పిలుపుకు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. “మామా, ఒంటికి పోయినారా?”

ఆయన రేకుల కప్పు వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. కప్పుతోనే చెబుతున్నట్టు, “నిన్న పొద్దున,” అన్నాడు.

“మాత్రలేమైనా?” అని డాక్టరు అడిగాడు. ఈసారి ధరణి జవాబు చెప్పలేదు. కోదండరామ రొండిన దోపుకున్న మాత్రల అట్ట తీసి మంచం మీద వేశాడు. సగం ఖాళీ. మోకాళ్లకు, కొండెక్కడానికి, ఊత్తుకోట మందులషాపులో అడిగి కొన్నవి.

“నీళ్లు ముట్టకుండా ఇవెట్లా మింగినారు?”

“నమిల్నా.”

పక్క మంచం మీదినుంచి పెద్ద నవ్వు. కాలికి గాజుపెంకు గుచ్చుకుని కట్టు కట్టించుకున్న ముసలాయన, చౌడయ్య, మోచేతిమీద లేచాడు. “ఏం మనిషివి సామీ నువ్వు! నొప్పిమాత్ర నమలొచ్చంట, నీళ్లు మింగరాదంట. మురుగన్‌కు మీ ఊర్లో వేరే చట్టమా?”

డాక్టరు నవ్వలేదు. ధరణికి వినబడేలా, కోదండరామకు అర్థమయ్యేలా, మాట మాటకూ ఆగి చెప్పాడు. “ఆ మందు కిడ్నీ దాటి పోవాల. దాటేదానికి నీళ్లు కావాల. నీళ్లు ఆపేసినారు. పైన ఈ మాత్ర, అది కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తాది. ఇప్పుడు వెంటనే సెలైన్ పెట్టి ఆస్పత్రికి పంపిస్తే మళ్లీ తెరుచుకునే ఛాన్స్ ఉంది, చాలామందికి తెరుచుకుంటాది. ఇట్లనే ఎండలో కొండెక్కినారంటే, దించేది అంబులెన్సే. ఆ తరవాత డయాలిసిస్. అదీ సరిపోతాదో లేదో నేను చెప్పలేను.”

సెలైన్ సీసా కడ్డీకి తగిలించారు. సూది తెచ్చారు. కోదండరామ చేయి వెనక్కి లాక్కున్నాడు.

“నీళ్లే గదా అదీ.”

“నోట్లోనించి కాదు తాతా, నరంలోకి!”

“యాడినించి పోయినా నీళ్లే. కొండెక్కి, సామిని చూసి, దిగినంక ఏమన్నా చేసుకోండి.” లేవబోయాడు. లేవలేక మంచంపట్టె పట్టుకున్నాడు.

కట్టేసి సూది వేయలేనన్నాడు డాక్టరు. బయట అంబులెన్సు తలుపు తెరిచే ఉంది. అవతల మరెవరో స్పృహ తప్పి పడిపోతే అతడు అటు పరుగెత్తాడు. పోతూ పోతూ ధరణితో, “మీరే మాట్లాడండి,” అన్నాడు.

మాట్లాడడం! సతీష్ ఫోను కంపెనీ లాకరులో మోగి మోగి ఆగిపోయింది. ధరణి అత్తకు చేసి, ఫోను పైకి వినబడేలా పెట్టి, మంచం మీద ఉంచింది. జరిగినదంతా గోవిందమ్మకు చెప్పింది. తిట్లు వస్తాయనుకుంది. ఏడుపు వస్తుందనుకుంది. వచ్చింది ఒక ప్రశ్న.

“ఏమయ్యా, ఎవురికోసం మొక్కినావు?”

కోదండరామ ముఖం గుంజ వైపు తిప్పుకున్నాడు.

“అమ్మే, విను. మీ మామ నాయన కాలంనించీ మా ఇంట్లో ఉండేదే ఇది. ఎవురికోసం పస్తుంటారో ఆ మనిషే తన చేత్తో నీళ్లిస్తే, పస్తు చెల్లినట్టే. సగంలో ఇచ్చినా చెల్లినట్టే. ఆనక సూదన్నా వేసుకోవచ్చు, కల్లన్నా తాగొచ్చు. కానీ మొక్కినోడు తన నోటితో పేరు చెప్పల్ల. మనం ఊహించి ఇస్తే చెల్లదు. అడుగు, ఎవురికోసమో అడుగు!”

కోదండరామ కళ్లు మూసుకున్నాడు. ఆ కట్టుబాటు ఆయనకు తెలుసు. తెలిసే ఇంతసేపూ నోరు మెదపలేదు.

“మీకోసమా మామా? కడుపునొప్పికా?” తల అడ్డంగా ఊగింది. “అత్త మోకాళ్లకా?” ఊగింది. “ఆయనకా?” సతీష్ అన్న అర్థంలో అడిగింది. అదీ కాదు.

“కొడుక్కూ కాదు, పెండ్లానికీ కాదు,” అని చౌడయ్య గడ్డం గోక్కున్నాడు. “ఇంగెవురబ్బా? యాడన్నా చిన్నిల్లు ఉండాదా సామీ?”

“ఎవురా మాట్లాడేది?” అని ఫోను గద్దించింది.

చౌడయ్య దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

ధరణి మంచం పక్కన మోకాళ్లమీద కూర్చుంది. గ్లాసులో నీళ్లు పోసింది. గ్లాసు అంచు దాకా వచ్చిన నీళ్లు, బయట డప్పు దెబ్బ దెబ్బకూ అలలు తీశాయి. “పేరు చెప్పండి మామా. ఆ మనిషి యాడున్నా పిలిపిస్తా. మింజూరులో మీ చెల్లెలా? కారు పెట్టించి పిలిపిస్తా. పిల్లలెవరైనానా? చెప్పండి. నామీద కోపమైనా సరే, చెప్పండి.”

ఆయన కళ్లు తెరవకుండానే పెదవులు కదిపాడు. మాట కంటే ముందు పెదవి చిట్లి సన్నటి రక్తపు గీత కనిపించింది.

“పోయిన ఆడినెలలో,” అన్నాడు. “మద్రాసు ఆస్పత్రిలో. గాజుతలుపు బైట.”

ధరణి చేతిలో గ్లాసు నిలిచిపోయింది.

పోయిన ఆడినెలలో ఆ గాజుతలుపు లోపల పడుకున్నది తనే. ఏడో నెలలో బిడ్డ పోయింది. నెత్తురు ఆగలేదు. అత్త ఒకటే ఏడుపు. సతీష్ నెత్తురు కోసం ఆస్పత్రులన్నీ తిరిగాడు. మామ మాత్రం కనిపించలేదు. ఇంటికి వచ్చాక కూడా ఒక్క ఓదార్పు మాట గోవిందమ్మ గుండానైనా రాలేదు. మనవడు దక్కలేదని మనసులో పెట్టుకున్నారు కాబోలు అనుకుంది. ఏడాది పాటు, ఆయనకు అన్నం పంపిన ప్రతిసారీ, ఆ మాట అనుకుంటూనే పంపింది.

“బిడ్డ పోయిందన్నారు,” ఆయన మళ్లీ అన్నాడు. గొంతులో చెమ్మ లేదు, మాట గీరుకుంటూ వచ్చింది. “పోతే పోనీ అంటి. లోపలుండే పిల్ల… ఆ పిల్ల నడిచి బైటికి రావల్ల. వస్తే నీళ్లు ముట్టకుండా కావడి మోస్తానంటి. వచ్చింది. అప్పట్నించీ మోస్తామనే. పోయినసారి కృత్తిక దాటిపోయింది. ఈసారి దాటితే…” ఆగాడు. “దాటితే, మళ్లా లోపలికి తీసుకుపోతాడేమో. తెలీదు గదా ఆ సామికి ఏం కోపమో.”

ఫోనులో గోవిందమ్మ ముక్కు ఎగబీల్చింది. చౌడయ్య దుప్పటి ముఖం మీదినుంచి తీయలేదు.

“నేనే గదా మామా,” అన్నది ధరణి. “నేను ఇస్తా. తాగండి.”

ఆయన తల తిప్పుకున్నాడు. చేయి దాపునే నీళ్లున్నాయి. ఇచ్చే మనిషి ఉంది. కాని కట్టుబాటు కట్టుబాటే: ఊహించి ఇస్తే చెల్లదు. ఊహించినది సరైనదైనా సరే, మొక్కినవాడి నోటితో రావాలి. ఆ నోటికి అలవాటు లేదు. పెళ్లిపత్రికలో చూసిన పేరు అది, సతీష్ గడపలో నిలబడి కేకవేస్తే విన్న పేరు, గాజుతలుపు మీద అంటించిన కాగితంలో నర్సు చూపించిన పేరు. “ఆ పాప” అన్న రెండు మాటల వెనుక దాచుకుని తిరిగాడు.

డాక్టరు తిరిగి వచ్చాడు. కడ్డీ మీది సీసా చూశాడు, ఖాళీగా ఉన్న మోచేయి చూశాడు, గడియారం వైపు చూడబోయి ఆగాడు. సూది చేతిలో పట్టుకుని మంచం అవతల నిలబడ్డాడు.

“చెప్పు సామీ,” అన్నాడు చౌడయ్య దుప్పటి లోపలినుంచి, ఈసారి ఎగతాళి లేకుండా.

“చెప్పయ్యా,” అన్నది గోవిందమ్మ.

ధరణి గ్లాసు ఆయన పెదవి దగ్గరికి తెచ్చి, ముట్టించకుండా, నిలిపింది. బయట మరొక కావడి గుంపు మలుపు తిరిగింది. వాళ్ల కేక రేకులమీద పడి, పందిరంతా నిండి, మెల్లగా కొండ వైపు సాగిపోయింది. కేక దాటిపోయాక మిగిలిన నిశ్శబ్దంలో కోదండరామ కళ్లు తెరిచాడు. కప్పు వైపు కాదు, గోడ వైపు కాదు, సూటిగా కోడలి ముఖంలోకి చూశాడు. అతుక్కున్న నాలుకను ఒకసారి లాగాడు. రెండోసారి లాగాడు. చిట్లిన పెదవులు కలిసి, విడిపోయాయి.

“ధరణీ,” అన్నాడు.